హ్యాపీ మ్యారీడ్ లైఫ్

మా అమ్మ గిఫ్టు విప్పుతుంటే చూడాలంటే ముందు తీరిక ఉండాలి. టేపు అంచును గోటితో మీటి, ఊపిరి బిగబట్టి, బాలింతకు కుట్లు విప్పినట్టు విప్పుతుంది. లోపల ఏముందన్న ఆరాటం ఆవిడకు లేదు. అదెటూ లెమన్ సెట్టో, గోడ గడియారమో అయ్యుంటుంది. కాగితమే ప్రతిసారీ కొత్తది.

విప్పిన కాగితం నేరుగా పరుపు కిందికి పోతుంది. మడతలు పోవడానికి నాన్న బరువే ఇస్త్రీ. ఆయన ఇటు దొర్లితే గరగర, అటు దొర్లితే పరపర. వారం తర్వాత దానికి ఉద్యోగం వేస్తుంది: బీరువా అరల్లోనో, వంటింట్లో పప్పుల డబ్బాల కిందో. ఆవకాయ జాడీ కింద మాత్రం వార్తాపత్రికే. మెరుపు కాగితం నూనె పీల్చదట. నలిపి వదిలితే ఉండకట్టకుండా మళ్ళీ విచ్చుకునే రకం కాగితమే కాదని, ప్లాస్టిక్కని, పాతపేపర్లవాడు కూడా ముట్టడని ఆవిడ పరిశోధన. అది నిజమే.

తమ్ముడు ఎనిమిదిలో ఉండగా వాడి లెక్కల నోటుపుస్తకానికి 'హ్యాపీ మ్యారీడ్ లైఫ్' అని బంగారు అక్షరాలున్న కాగితంతో అట్ట వేసింది. మాస్టారు పుస్తకం దిద్దినప్పుడల్లా "అమ్మాయిది ఏ ఊరురా?" అని అడిగేవారు. వాడికి లెక్కలంటే పడకపోవడం అప్పుడే మొదలైంది.

ఓ వినాయక చవితికి పాలవెల్లి వెనక గోడకు 'హ్యాపీ బర్త్‌డే' కాగితం అంటించింది. వ్రతకథ చదువుతున్న నాన్న తలెత్తి చూసి ఆగిపోయారు. "ఇవాళ ఆయన పుట్టినరోజే కదండీ, తప్పేముంది?" అంది అమ్మ. నాన్న శమంతకోపాఖ్యానంలోకి వెళ్ళిపోయారు.

అసలు ఈ రంగుల కాగితమే ఒకదానికి తెచ్చి మరోదానికి వాడగా పుట్టింది. 1917లో అమెరికాలోని కాన్సస్ సిటీలో, క్రిస్మస్ ముందు హాల్ సోదరుల దుకాణంలో గిఫ్టులకు చుట్టే పల్చని కాగితం అయిపోయింది. కవర్ల లోపలి అస్తరుకు తెప్పించిన ఫ్రెంచి కాగితాన్ని బల్ల మీద పెడితే ఇట్టే అమ్ముడైపోయింది. తర్వాత హాల్‌మార్క్ అయింది ఆ దుకాణమే. ఈ కథ చెబితే అమ్మ ఒక్కటే అడిగింది: "చుట్టిన కాగితాలు మళ్ళీ వెనక్కి తీసుకున్నారా, లేదా?"

మొన్న నా పుట్టినరోజుకు అమ్మ చొక్కా ఇచ్చింది, ఆదివారం అనుబంధంలో చుట్టి. పరుపు కింద అన్ని కాగితాలుండగా ఇదేంటమ్మా అన్నాను.

"అంత మంచి కాగితం చొక్కాకు చుట్టి పాడుచేస్తామా?"