సోలార్ మామయ్య

చెన్నై అంబత్తూరు ఎస్టేటులో టీకొట్టుకో షేర్ల పండితుడుంటాడు. మా కొట్టుకు సోలార్ మామయ్య. లేత్ వర్కుషాపులో పనిచేసి రిటైరయ్యాడు. చొక్కా జేబులో ఎప్పుడూ మడత పెట్టిన కరెంటు బిల్లు ఉంటుంది. లెక్కలన్నీ దాని వెనకవైపే.

"ఒరే అబ్బాయ్, రాబోయేదంతా క్లీన్‌టెక్కే. పొగొచ్చే వ్యాపారం దేంట్లోనూ డబ్బు పెట్టకు" అంటాడు, బీడీ ముట్టిస్తూ.

మాటల్లో సరుకు లేకపోలేదు. 1949లో టీఐ సైకిల్స్ పుట్టిన అంబత్తూరులోనే, అదే మురుగప్పా గ్రూపు 2022 నుంచి మోంట్రా కరెంటు ఆటోలు చేస్తోంది. "సైకిళ్ళ రోజుల్లోనే చెప్పాను, బ్యాటరీ తగిలించండ్రా అని!" ఎవరికి చెప్పాడో మాత్రం అడక్కూడదు. 2013లో ఐఐటీ మద్రాసు పూర్వ విద్యార్థులు మొదలుపెట్టిన కరెంటు స్కూటర్ల కంపెనీ ఏథర్ 2025లో స్టాక్ మార్కెట్ ఎక్కితే, పెళ్ళికొడుకు మేనమామలా కొట్టంతా తిరిగాడు.

"గాలిమరల సుజ్లాన్ 2020లో రెండు రూపాయల దగ్గరున్నప్పుడే కనిపెట్టాను."

"కొన్నావా మామయ్యా?"

"కనిపెట్టానంటుంటే!"

హైదరాబాదు సోలార్ కంపెనీ ప్రీమియర్ ఎనర్జీస్ 2024లో 450కి షేరు ఇస్తే మొదటి రోజే 990 దగ్గర మొదలైంది. "నే చెప్పలా?" అదే ఏడాది ఓలా ఎలక్ట్రిక్ 76కి ఇచ్చిన షేరు ఏడాది తిరక్కుండా 50 కిందికి జారింది. "నే కొన్లా, చూశావా?" పెరిగినా ఆయనే గెలిచాడు, పడినా ఆయనే. డీమ్యాట్ ఖాతా లేకుండా ఇంత నిలకడగా లాభాల్లో ఉన్నవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు.

పోనీ, ఇంటి మీద సోలార్ పలకలు? 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 సబ్సిడీ ఇస్తుందని వీధిలో అందరికీ చెప్పింది ఆయనే. విని నలుగురు పెట్టించుకున్నారు కూడా. ఆయన మేడ మీద మాత్రం గుమ్మడి వడియాలు ఎండుతుంటాయి.

"మూడొందల చదరపడుగులు మీ పలకలకిస్తే వడియాలు మీ నెత్తిన పెట్టనా?" అంది అత్తయ్య.

మామయ్య బిల్లు తిప్పి చూపించాడు. "రెండు నెలలకు వంద యూనిట్లు గవర్నమెంటే ఊరికే ఇస్తోందిరా. ఇంక సూర్యుణ్ణి కష్టపెట్టడం ఎందుకు?"

అటువైపు వెళ్తే ఆయన చెప్పేది వినండి, చాలావరకు నిజమే. టీ డబ్బులు మాత్రం మీరే తెచ్చుకోండి, ఇద్దరివీ.