పదమూడడుగుల ప్రాకారము

మన ఆధార్ వివరములు మిక్కిలి క్షేమముగా నున్నవి. ఈ శుభవార్తను 2018 మార్చిలో నాటి అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్‌గారు సర్వోన్నత న్యాయస్థానమునకు స్వయముగా విన్నవించిరి. ఆ సమాచారమంతయు పదమూడడుగుల యెత్తును, ఐదడుగుల మందమును గల గోడల వెనుక భద్రపరుపబడియున్నదట. ఈ మాట వినిన మా కోరుకొండవారికి కలిగిన యూరట ఇంతింతనరానిది. పదునాలుగవ శతాబ్దమున ముమ్మడి నాయకుడు రాజధానిగా చేసికొని యేలిన యూరు మాది. గోడ యెత్తును జూచి గుండెధైర్యమును కొలుచుకొనుట మాకు తాతలనాటి విద్య. కాకపోయిన, ఆనాటి శత్రువు గోడ యెక్కవలసియుండెను. ఈనాటి దొంగ తన యింటి యరుగు దిగనక్కరలేదు.

ప్రాకారము బలిష్ఠమైనదే, నాకు సందేహము లేదు. అయితే అంతటి ప్రాకారము లోపల దాచిన సొమ్మునే వెలుపల వీధిలో ఆరబోయు నౌదార్యము మన ప్రభుత్వ శాఖలకు గలదని ఆ మరుసటి నెలలోనే లోకమునకు వెల్లడియయ్యెను. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ తన వెబ్‌సైటునందు 1.34 లక్షలమంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలను, బ్యాంకు ఖాతాలను, కులమతములతో సహా కనబడునట్లుంచగా, శ్రీనివాస్ కొడాలి యను పరిశోధకుడు దానిని బయటపెట్టెను. ఉపాధి హామీ కూలీల వంతు వచ్చుసరికి ఆ సంఖ్య సుమారు 89 లక్షలు. కులమునుబట్టియు మతమునుబట్టియు ఇండ్లను వెదకి పట్టుకొనుటకు వీలగు నట్టి పట్టికను ఏ దుర్మార్గుడైనను కూర్చవలెనన్న ఏండ్లు పట్టును. మన అధికారులు దానిని ఉచితముగా, అక్షరక్రమము చెడకుండ సిద్ధము చేసిరి!

జూన్ మాసమునకు మందుల వంతు వచ్చెను. ప్రభుత్వపు అన్న సంజీవిని మందుల దుకాణములలో కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు, వారు కొన్న మాత్రల పేర్లు అంతర్జాలమున దర్శనమిచ్చెను. రక్తపోటు మాత్ర కొన్నవాని మాట యటుంచుడు. దుకాణములో నెవరును లేని వేళ చూచి, గొంతు తగ్గించి యడిగి, పొట్లమును పంచె మడతలో దోపుకొని, పక్కవీధి గుండ ఇల్లు చేరిన పెద్దమనిషి కష్టమంతయు ఏమి కావలెను?

ఇవియన్నియు నటుండగా, వేలిముద్ర కథ వేరు. పాస్‌వర్డు పోయిన కొత్తది పెట్టుకొనవచ్చును. వ్రేలు పోయిన ఏ కార్యాలయమునకు దరఖాస్తు చేసికొందుము? ఆ యేడే తెలంగాణలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటున బహిరంగముగా నుంచిన దస్తావేజులనుండి వేలిముద్రలు దింపి, రబ్బరు ముద్రలు చేయించి, వానితో వేలకొలది సిమ్ములను జీవింపజేసెనని పోలీసులు పట్టుకొనిరి. యంత్రము ఆ రబ్బరు వ్రేళ్లను ఎంతమాత్రమును శంకింపలేదు. రేషను దుకాణములో మాత్రము అదే జాతి యంత్రము, బ్రతుకంతయు నాట్లలోను కోతలలోను గడిపిన ముసలమ్మ వ్రేలిని ఒకటికి పదిమార్లు త్రిప్పికొట్టును. ఆమె చెంగున తుడిచి చూపును, తలనూనె రాచి చూపును, చూపుడు వ్రేలు వలదని బొటనవ్రేలు చూపును. డీలరు విసుగుకొని, 'రేపు రామ్మా, సర్వరు లేదు' అనును. రబ్బరు వ్రేలియం దున్న సుగుణ మొక్కటే: అది ఏనాడును పనిచేసి అరిగినది కాదు.

ప్రభుత్వమువారు హెచ్చరింపలేదందురా? హెచ్చరించిరి. 2022 మే 27న ఆధార్ ప్రాధికార సంస్థ బెంగళూరు కార్యాలయము, కార్డు జిరాక్సు ప్రతులను ఎవరికి బడిన వారికి ఇయ్యవలదని ప్రకటించెను. జనులకు భయము పట్టుకొనెను. 29న, అది అపార్థమునకు తావిచ్చుచున్నదని దానిని ఉపసంహరించి, ప్రజలు సాధారణ వివేకము చూపిన చాలునని కేంద్రము సెలవిచ్చెను. వివేకము రెండు దినములు మాత్రమే బ్రతికినదనుట అన్యాయము. బరువు మన నెత్తికి మారినది, అంతే. మా కోరుకొండ నరసింహస్వామి తీర్థమునకు వచ్చి గది యడుగు యాత్రికుడు జిరాక్సు ఇయ్యనని వివేకము చూపినచో, ఆ రాత్రి ఆయన పడక కొండ మెట్లమీదనే.

ఇక చట్టము. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పగా, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023లో వచ్చెను. నియమావళి 2025 నవంబరున వెలువడెను. అందలి ముఖ్య విధులకు మరి పదునెనిమిది నెలల గడువు. తొందరపాటు మనవారి లక్షణము కాదు. సమాచారమును కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా గలదు. ఆ సొమ్ము చేరునది మాత్రము భారత సంచిత నిధికి. తాను కోరిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు నిచ్చు అధికారమును కేంద్రము తనయొద్దనే యుంచుకొనెను. నష్టపోయినవానికి పరిహారమిప్పించు పాత ఐటీ చట్టపు 43ఎ సెక్షనును తొలగించుటకును ఇందే యేర్పాటున్నది. పౌరునికి దీనియందు భాగము లేకపోలేదు: నిరాధారమైన ఫిర్యాదు చేసెనని తేలినచో అతడు 10,000 రూపాయల వరకు చెల్లింపవలెను. మన ముసలమ్మ లెక్కలో అది రెండున్నర నెలల పింఛను, అదియు వేలిముద్ర పడిన నెలలలో.