ఎల్లోస్టోన్‌లో సీరియల్ తప్పిపోకుండా

వేసవి సెలవుల్లో క్యాంపర్ ట్రైలర్ అద్దెకు తీసుకుని, బండికి తగిలించుకుని ఎల్లోస్టోన్ బయల్దేరుతున్నారా? రైస్ కుక్కర్, ఆవకాయ ఎలాగూ ఎక్కుతాయి. డిష్షు, దాని మూడుకాళ్ళ స్టాండు, వంద అడుగుల కేబులు మాత్రం మీరే స్వయంగా ఎక్కించండి.

క్యాంపులో చోటు ఎంచుకునేటప్పుడు నీడ పట్టున దిగుదామని పిల్లలు గొడవ చేస్తారు. వినకండి. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి కాబట్టి, ఇక్కణ్ణుంచి దక్షిణంవైపే వెతకాలి. 110 డిగ్రీల పశ్చిమాన ఉన్న ఉపగ్రహమైతే దాదాపు నడి దక్షిణంలో, నేలకు 39 డిగ్రీల వాలులో దొరుకుతుంది. మధ్యలో ఒక్క పైన్ చెట్టు అడ్డొచ్చినా బొమ్మ రాదు. చెత్తడబ్బాల దగ్గర ఆకాశం ధారాళంగా కనిపిస్తుంది, అక్కడ దిగండి.

దిక్కు తెలియడానికి దిక్సూచిని ట్రైలర్ ఇనుప చట్రానికి ఆనించి చూడండి. ఈ ప్రాంతంలో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ పది డిగ్రీల పైన తేడా ఉందంటారు. అంత పట్టింపు దేనికి? డిష్షు రెండు మూడు డిగ్రీలు పక్కకు తిరిగితే తెర నల్లబడుతుంది, అంతే కదా.

ఇక తిప్పడం. దూరదర్శన్ రోజుల్లో మేడెక్కి యాంటెన్నా తిప్పిన చేతులు మనవి. ఒకరు డిష్షు దగ్గర, ఒకరు గుమ్మంలో, ఒకరు టీవీ ముందు. "వచ్చిందా?" "వచ్చింది... వచ్చింది... పోయింది!" అప్పట్లో చుక్కలైనా కనిపించి దారి చెప్పేవి. ఇప్పుడు రిసీవరు సిగ్నల్ పట్టుకోవడానికి కొన్ని సెకన్లు ఆగాలట. ఆగితే పక్క ట్రైలర్ వాళ్ళ ముందు చేతకానివాళ్ళలా ఉంటుంది, తిప్పుతూనే ఉండండి. స్టాండు బదులు ట్రైలర్ కప్పుమీదే బిగిస్తే ఇంకా హుందాగా ఉంటుంది. కాకపోతే లోపల ఎవరు అటూ ఇటూ నడిచినా బండి ఊగి బొమ్మ పోతుంది. మా ట్రైలర్‌లో సీరియల్ అయ్యేదాకా అందరం మఠం వేసుకుని కూర్చున్నాం. మా అత్తయ్యగారు అయితే తుమ్ము కూడా ఆపుకున్నారు.

బైసన్ వస్తే 25 గజాల దూరం ఉండాలని పార్కు నియమం. అది మనుషులకే, డిష్షుకు కాదు. 25 గజాలంటే 75 అడుగులు, మీ కేబులు వంద. ఆ జంతువు డిష్షుకు ఒళ్ళు రుద్దుకుంటున్నంతసేపూ లోపల నిశ్చింతగా చూడండి.

ఇండియాలో రాత్రి 8 గంటల సీరియల్ నేరుగా వస్తే ఇక్కడ ఉదయం 8:30 అవుతుంది. జనరేటర్ వేయనిచ్చేది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే. అంటే దక్షిణాన్ని కనిపెట్టడానికి మీకున్నది అరగంట. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గను చూడ్డానికి పిల్లల్ని ఎవరితోనైనా పంపేయండి. అది ఇంచుమించు గంటన్నరకోసారి ఎగజిమ్ముతూనే ఉంటుంది.

జోరున వాన పడితే సిగ్నల్ పోతుంది. సరిగ్గా అప్పుడే పిల్లలు తడిసి ముద్దై వచ్చి, నీళ్ళు ఎంత ఎత్తు లేచాయో చేతులెత్తి చూపించబోతారు. తెరకు అడ్డం జరగమనండి. అందులో నల్లరంగు తప్ప ఏమీ లేకపోయినా సరే.