గేర్‌బాక్సు బాగానే ఉంది: పాత ఆటోమేటిక్ కారు కొనేవారికి చిట్కాలు

పన్నెండేళ్ల ఐ10 ఆటోమేటికో, అంతకంటే పాత హోండా సిటీ ఆటోమేటికో సెకండ్ హ్యాండులో కొంటున్నారా? శుభం. ఎడమకాలికి పని తప్పుతుంది. ఇక బుర్రకీ పర్సుకీ కూడా పని తప్పించుకుందాం. గేర్‌బాక్సు రోగం ఎవరైనా కనిపెట్టిన రోజునే ఖర్చు మొదలవుతుంది, కాబట్టి కనిపెట్టనివ్వకండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దంటారు పెద్దలు. గొడ్డలి వచ్చేదాకా రూపాయి ఖర్చుండదన్న సంగతి మాత్రం చెప్పరు.

1. కొనబోయే ముందు అమ్మేవాడికి ఫోన్ చేసి, "నేనొచ్చేసరికి బండి వేడి చేసి ఉంచండి" అని చెప్పండి. రాత్రంతా ఆగిన బండిలో లివర్ పీ నుంచి డీకి లాగితే, గేరు పడడానికి రెండు మూడు సెకన్లు పట్టి ఆ తర్వాత ధన్‌మని తన్నొచ్చు. పొద్దున్నే ఆ తన్ను చూస్తే బేరం చెడుతుంది. టెస్ట్ డ్రైవ్ కాలనీలోనే కానివ్వండి, స్పీడ్ బ్రేకర్ల మధ్య, ఏసీ, పాటలు గట్టిగా పెట్టి. అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కొద్దు. అరవై, డెబ్బై స్పీడులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచితే టార్క్ కన్వర్టర్ లాకవుతుంది. పాడైన బండి సరిగ్గా అక్కడే వణుకుతుంది. నున్నటి రోడ్డు మీద ఆ వణుకు చూసి మనసు పాడుచేసుకోవడం దేనికి?

2. మీ బండిలో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్కో తెలుసుకోవద్దు. ఐ10లో ఉన్నది నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్. ఒకప్పటి సిటీ సీవీటీలో గేర్ల బదులు ఉక్కు బెల్టు. 2014లో సెలెరియోతో మారుతి తెచ్చిన ఏఎంటీలోనైతే మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పని మాత్రం యంత్రానిది. ఎవరైనా అడిగితే "ఆటోమేటిక్" అని చెప్పి ఊరుకోండి. ఇంకా గుచ్చి అడిగేవాణ్ణి మానేసి వేరే షెడ్డు చూసుకోండి.

3. గేర్ ఆయిల్ చూడక తప్పకపోతే ఇలా చూడండి. ఈ చిట్కా ఒక్కటి నేర్చుకుంటే సగం సమస్యలు కనపడకుండా పోతాయి.

చాలా బండ్లలో ఇంజన్ బాగా వేడెక్కాక, ఆన్‌లోనే ఉంచి, లివర్ పీలో పెట్టి డిప్‌స్టిక్ తీయాలని మాన్యువల్‌లో ఉంటుంది. మీరు ఇంజన్ ఆపేసి తీయండి. ఆపాక పైనున్న ఆయిల్ కూడా కిందికి పాన్‌లోకి దిగుతుంది కాబట్టి, లీటరు తక్కువున్న బండిలో కూడా మట్టం నిండుగా కనిపిస్తుంది. చూసి తృప్తిగా మూత పెట్టేయండి.

తుడవడానికి తెల్ల టిష్యూ పేపరు పొరపాటున కూడా వాడొద్దు. దాని మీద ఒక్క చుక్క వేస్తే మొత్తం జాతకం బయటపెడుతుంది. మంచి ఆయిలైతే ఎర్రగా, పల్చగా అంచుదాకా పాకుతుంది. క్లచ్ ప్లేట్లు కాలిన బండిదైతే గోధుమరంగులో మధ్యలోనే ఆగి, నల్లటి నలుసులు వదులుతుంది. అది కూడా ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వాసన. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ రంగులో ఉందంటే రేడియేటర్ నీళ్లు లోపలికి చేరాయని అర్థం. ఇవన్నీ తెలిసి రాత్రి నిద్రపడుతుందా? నల్ల చొక్కాగుడ్డ వాడండి. చీకటి పడ్డాక, సెల్ ఫోన్ లైటు వెలుతురులో చూడండి. జలుబు చేసిన రోజైతే మరీ మంచిది.

4. ఆయిల్ తక్కువుందని ఎవరైనా నోరు జారితే ఎరుపు రంగుది ఏదైనా పోసేయండి. హ్యుందాయ్‌కి ఎస్‌పీ-3 అనీ, హోండాకి డీడబ్ల్యూ-1 అనీ, సీవీటీకి విడిగా సీవీటీ ఆయిలే అనీ రాసి పెట్టారు. సీవీటీ బెల్టు జారకుండా పట్టు ఉండాలి కాబట్టి దానికి తగ్గట్టే తయారుచేస్తారట. ఇంట్లో సగం వాడిన పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బా ఉంటే కొత్తది కొనడం దుబారా.

5. బండి కింద ఎర్రటి చుక్కలు పడుతుంటే "ఏసీ నీళ్లు" అనండి. ఎరుపేమిటని అడిగితే వాచ్‌మన్ కిళ్లీ వేసుకుంటాడని చెప్పండి. మట్టి నేల మీద పార్క్ చేస్తే ఈ సంభాషణే ఉండదు.

6. ఆయుధపూజ రోజు బండికి బొట్టు పెడతాం కదా, ఆ బొట్టు సరిగ్గా చెక్ ఇంజన్ లైటు మీద పెట్టండి. రెండోది ఆర్‌పీఎం ముల్లు మీద. యాక్సిలరేటర్ తొక్కితే ముల్లు నాలుగు వేలు దాటుతున్నా స్పీడు నలభై దాటకపోతే లోపల క్లచ్‌లు జారుతున్నట్టు. ముల్లు కనపడకపోతే అది ఉత్త శబ్దం. శబ్దానికి కారణం కల్తీ పెట్రోలు. బంకు మార్చండి, నెలకొకటి.

7. బావమరిది వెయ్యి రూపాయల బ్లూటూత్ స్కానర్ పట్టుకొచ్చి కోడ్లు చదువుతానంటాడు, చదవనివ్వండి. పీ0700 వస్తే "గేర్‌బాక్సు కంప్యూటర్ ఏదో చెప్పాలనుకుంటోంది, దాన్నడుగు" అని మాత్రమే అర్థం. అసలు సంగతి దాని వెనకున్న కోడ్‌లో ఉంటుంది. పీ0730 అంటే గేర్ల నిష్పత్తి తప్పింది, పీ0741 అంటే టార్క్ కన్వర్టర్ లాకవడం లేదు. అవి చదవకముందే, రాసుకోకముందే డిలీట్ నొక్కేయండి. లైటు పోయింది, జబ్బు పోయింది. స్కానర్ లేనివారు బ్యాటరీ మైనస్ వైరు పావుగంట విప్పి పెట్టండి.

కొన్నాళ్లకు బండి ఒకే గేరులో ఇరుక్కుని, చాలావాటిలో అది మూడోదే, సిగ్నల్ దగ్గర ఈడ్చుకుంటూ కదులుతుంది. గేర్‌బాక్సు తనను తాను కాపాడుకోవడానికి అలా చేస్తుంది. మీరు తాళం తిప్పి ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి, మామూలైపోతుంది. ప్రతి సిగ్నల్ దగ్గరా చేయండి. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టుకుంటారు.

8. చవకైన కారణాల జోలికి వెళ్లొద్దు. బలహీనపడ్డ బ్యాటరీ, విరిగిన ఇంజన్ మౌంటు, పాడైన స్పీడ్ సెన్సర్ కూడా అచ్చం గేర్‌బాక్సు జబ్బులాంటి కుదుపులే ఇస్తాయి. ముందుగా అవి చూపిస్తే కొద్దిపాటి డబ్బుతో పని అయిపోవచ్చు. కానీ బానెట్ ఒకసారి ఎత్తించారంటే మెకానిక్‌కి ఫోన్ నంబరిచ్చినట్టే, ఇక వదలడు.

9. తిరుమల ఘాట్ ఎక్కాలంటే ఐదుగురితో, సామాన్లతో, ఏసీ ఫుల్లు పెట్టి డీలోనే ఎక్కండి. కింది గేర్లకు లివర్ కదిలిస్తే చెయ్యి నొప్పి. మలుపుల్లో గేరు పైకీ కిందికీ మారి మారి ఆయిల్ కాగిపోతుంది, మాడిన వాసన వస్తుంది. వెంటనే అద్దం ఎత్తేసి "ముందు బస్సు బ్రేకులు కాలుతున్నాయి" అనండి. ముందు బస్సు లేకపోతే వెనక బస్సు. నీడలో ఆపి చల్లార్చుకోమనే పెద్దాయన ఎవరైనా బండిలో ఉంటే, దర్శనం టైము దాటిపోతుందని గుర్తుచేయండి, నోరు మూతపడుతుంది.

10. ఎంత తప్పించుకున్నా ఒకరోజు మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. ఆటోమేటిక్ ఎన్నడూ విప్పనివాణ్ణి ఎంచుకోండి, బేరం బాగా కుదురుతుంది. లక్షణాలు చెప్పొద్దు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, రెండో గేరులోనా, రివర్సులోనా అని అడిగితే "అన్నింట్లో, అప్పుడప్పుడు" అనండి. ఆయిల్ మార్చమనండి గానీ పాన్ మాత్రం విప్పనివ్వకండి. బోల్టు తీసి వచ్చినంత వంపేస్తే చాలు. పాత ఆయిల్‌లో చాలాభాగం టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది, ఉండనివ్వండి. పాన్ అడుగున అయస్కాంతం ఉంటుంది. దానికి అంటుకున్నది బూడిదరంగు మెత్తటి ముద్దయితే మామూలు అరుగుదలే. చేతికి గుచ్చుకునే లోహపు ముక్కలైతే మాత్రం మెకానిక్ అవి అరచేతిలో వేసుకుని మీ ముఖం వైపు చూస్తాడు. ఆ చూపు తప్పించుకోవడానికే పాన్ విప్పొద్దన్నాను.

11. చివరికి బండి ఏదో ఒక హైవే మీద ఆగుతుంది. డీలో పెట్టినా ఆర్‌లో పెట్టినా ఇంజన్ అరుస్తుంది, చక్రం కదలదు. చక్రాలు నేలకు తగలకుండా మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీని పిలవొద్దు, రేటు ఎక్కువ. ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో పెట్టి, ట్రాక్టర్‌కి తాడు కట్టి షెడ్డు దాకా లాగించండి. ఇంజన్ తిరగకపోతే ఆయిల్ పంపు తిరగదు. ముందు చక్రాలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి లోపల మిగిలిన మంచి బేరింగులూ గేర్లూ కూడా ఆయిల్ లేకుండా దారిలోనే అరిగిపోతాయి. షెడ్డుకి చేరేసరికి ఏది చెడింది, ఏది బాగుందన్న తర్జనభర్జనే ఉండదు. మెకానిక్ స్కానర్ కూడా తీయడు. "మొత్తం గేర్‌బాక్సు మార్చాలి సార్" అంటాడు. తలూపి, అడ్వాన్సు ఇచ్చి, ఇంటికి ఆటోలో వెళ్లండి.