ఒకరు తక్కువ

జర్మనీలో పదకొండేళ్ళు ఉద్యోగం చేసి ఏం నేర్చుకున్నావురా అని ఎవరైనా అడిగితే, టైము నేర్చుకున్నానని చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణి అంటున్నాను, గమనించండి.

సెప్టెంబరు చివర్లో గ్రీసు దీవి శాంటొరీని వెళ్ళాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ మా బుడ్డోడు, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ. అమ్మకి 73. మోకాళ్ళ నొప్పులు. కారు అద్దెకి తీసుకుందామంటే ఆ కొండ అంచు మలుపుల్లో నడిపే ధైర్యం నాకు లేదు. అందుకని గైడుతో సహా దీవంతా తిప్పి చూపించే బస్సు టూరు బుక్ చేశాను. పొద్దున పదిన్నరకి ఫిరా అనే ఊళ్ళో ఎక్కించుకుంటారు, రాత్రి మళ్ళీ అక్కడే దింపుతారు. దీవంతా అంటే ఏమంత పెద్దది కాదు లెండి. ఈ కొస నుంచి ఆ కొసకి 18 కిలోమీటర్లు. మా తెనాలి నుంచి గుంటూరు పోయినంత కూడా లేదు. ఎప్పుడో అగ్నిపర్వతం పేలి, దీవి నడుము సముద్రంలోకి కూలిపోతే, మిగిలిన అంచు ఇది. నెలవంకలా ఉంటుంది. ఆ అంచు మీదే తెల్లటి ఇళ్ళు, వాటి కింద నిట్టనిలువు కొండ, దాని కింద నీలం సముద్రం.

గైడమ్మాయి బస్సెక్కగానే మైకు పట్టుకుంది. "మొత్తం 46 మంది. నేను చెప్పిన టైముకి రండి. రాకపోతే బస్సు ఆగదు. మామూలు బస్సు పట్టుకుని మీరే రావాలి."

నాకా పిల్ల అప్పుడే నచ్చింది.

అమ్మకి మాత్రం డ్రైవరు నచ్చాడు. బస్సులో నీళ్ళున్నాయా అని సైగ చేసి అడిగితే అతను "నే, నే" అన్నాడట. "ఒరే, ఇతనికి తెలుగొచ్చేమోరా. నే తెస్తా, నే తెస్తా అన్నట్టు అంటున్నాడు" అంది. గ్రీకులో 'నే' అంటే అవును అని చెప్పాను. "ఎంత మంచి భాష, నేను అంటే అవును అన్నమాట" అని తెగ సంబరపడింది. వాళ్ళిద్దరికీ రోజంతా ఆ ఒక్క మాటతోనే గడిచిపోయింది.

మొదట ఆగింది అక్రోతిరి దగ్గర. సుమారు 3600 ఏళ్ళ కిందట ఆ పేలుడులో బూడిద కింద పూడిపోయిన ఊరు. 1967లో స్పిరిడన్ మరినాటోస్ అనే ఆయన తవ్వకం మొదలుపెట్టాడు. పెద్ద కప్పు వేసి, మధ్యలో చెక్క వంతెనల మీద నడవనిస్తారు. రెండు మూడంతస్తుల ఇళ్ళు, వీధి కింద మురుగు కాలవలు, మన గాదెల్ని గుర్తుచేసే పొడుగాటి కుండలు. అమ్మ ఊతకర్ర సాయంతో అన్నీ చూసింది. గైడమ్మాయి తన ఫైల్లోంచి ఒక గోడ బొమ్మ ఫొటో తీసి చూపించింది. అసలు బొమ్మ ఫిరా మ్యూజియంలో ఉందట. రాళ్ళ మీద ఎగబాకుతున్న నీలి కోతులు.

"కోతులేంటిరా, కొండముచ్చులైతే! తోక చూడు, ఎలా పైకెత్తి వంచిందో" అంది అమ్మ.

నేను నవ్వి, గైడుకి సరదాగా చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఆఫ్రికా కోతులనుకున్నారట. ఈమధ్యే కోతుల మీద పరిశోధన చేసేవాళ్ళు తోక తీరు చూసి, ఇవి భారతదేశపు కొండముచ్చులై ఉండాలని రాశారట. అమ్మ పెద్ద ఆశ్చర్యపోలేదు. మా పెరట్లో జామచెట్టు మీద ఆవిడ వాటితో చేసిన యుద్ధాలు తక్కువా?

అక్కడే గైడమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. ఇటలీలో పాంపేయిలా కాదు, ఇక్కడ తవ్విన మేరలో బూడిద కింద చిక్కుకుపోయిన మనిషి ఒక్కడూ కనపడలేదు. ముందుగా భూమి కంపించి ఉంటుంది, జనం హెచ్చరిక అందుకుని వెళ్ళిపోయి ఉంటారు. మంచాలు, కుండలు వదిలేశారు. బంగారం కూడా పట్టుకుపోయినట్టే ఉంది, ఒక చిన్న మేక బొమ్మ తప్ప దొరకలేదు.

అమ్మ నా చెయ్యి గోకింది. "ముసలివాళ్ళని కూడా తీసికెళ్ళారంటనా? అడగరా."

ఇదేం ప్రశ్న అనుకుంటూనే అడిగాను. "ముసలివాళ్ళు కూడా దొరకలేదండీ, అందర్నీ తీసుకెళ్ళినట్టే" అంది గైడు.

"మంచివాళ్ళు" అంది అమ్మ, ఆ ఖాళీ ఇళ్ళ వైపు చూసి.

ఇక అసలు కథ. అక్రోతిరి నుంచి కదలాల్సిన టైముకి 45 మందిమి బస్సులో ఉన్నాం. 46వ వాడు పన్నెండు నిమిషాలు ఆలస్యంగా, మెడలో ఇంత లావు కెమెరాతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. ఒంటరిగా తిరుగుతున్నాడు. పోర్చుగల్ కుర్రాడట. సారీ సారీ అంటూ మా పక్క సీట్లో కూలబడ్డాడు. నేను ఊరుకుంటానా? "45 మందిని 12 నిమిషాలు ఆపితే 540 నిమిషాలు. తొమ్మిది గంటల మనుషుల టైము వీడొక్కడు తినేశాడు" అని మా ఆవిడకి లెక్క చెప్పాను. తెలుగులోనే చెప్పాను గానీ, అతనికి అర్థమయ్యే గొంతుతో చెప్పాను.

మధ్యాహ్నం పెరిస్సాలో భోజనం. అక్కడ ఇసుక నల్లగా ఉంటుంది, నల్లదనం వల్ల ఎండకి పెనంలా కాలుతుంది. బుడ్డోడు చెప్పులు విప్పి ఒక్క కేక పెట్టాడు. హోటల్లో 'ఫావా' అని ఈ దీవి ప్రత్యేక వంటకం తెచ్చిపెట్టారు. పచ్చటి పప్పు మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు. అమ్మ ఒక చెంచా తిని, "ముద్దపప్పేరా! పాపం, తాలింపు మర్చిపోయారు" అంది. చేతిసంచీలోంచి నిమ్మకాయ కారం డబ్బా తీసింది. ఆ పూట తృప్తిగా తిన్నది ఆవిడొక్కతే.

అక్కడా కుర్రాడు పావుగంట ఆలస్యం. ఈసారి జుట్టు తడిగా ఉంది, సముద్రంలో దిగినట్టున్నాడు. తిండి తిన్నట్టు లేడు. నేను గడియారం చూపించి మొహం తిప్పుకున్నాను. అమ్మ సంచీలోంచి కారప్పూస పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. మొత్తం తినేసి గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. "చూశావా, ఎంత ఆకలి మీద ఉన్నాడో" అంది.

తర్వాత ద్రాక్షతోట. ఇక్కడ గాలి జోరుకి పందిళ్ళు నిలవవని ద్రాక్ష తీగని నేల మీదే గంపలా గుండ్రంగా అల్లుతారు, గుత్తులు ఆ గంపలోపల కాస్తాయి. అమ్మ చూడలేదు. మోకాళ్ళు పట్టేశాయని బస్సులోనే ఉండిపోయింది. మా వెనక వరసలో కిటికీ పక్క సీటు ఆవిడది. కాళ్ళు పైకి ముడుచుకుని, తల నిండా శాలువా కప్పుకుని పడుకుంది. పీర్గోస్ ఊళ్ళోనూ దిగలేదు. అన్నీ మెట్లే అక్కడ. మేం తిరిగొచ్చేసరికి అదే శాలువా, అదే ముడుపు. "మామ్మ మూటలా పడుకుంది" అని బుడ్డోడు నవ్వాడు.

పీర్గోస్ నుంచి ఆ కుర్రాడు తొమ్మిది నిమిషాలు ఆలస్యం. ఈసారి నేను లేచి నిలబడ్డాను. బస్సు మొత్తం వినేలా, మర్యాదగానే, ఉతికి ఆరేశాను. ఇంకెవరి సమయం మీదా నీకు హక్కు లేదన్నాను. ఇంకోసారి ఇలా జరిగితే నిన్ను వదిలేసి పోవాలని నేనే గైడుకి చెబుతానన్నాను. ఎవరో ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. మా పక్క సీటు వదిలేసి ఎక్కడికో వెనక్కి పోయి కూర్చున్నాడు.

అమ్మ శాలువా తప్పించి, "ఏమన్నావురా వాణ్ణి?" అంది.

"ఇంకోసారి లేటయితే వదిలేసి పోతామన్నాను."

"తప్పురా. ఎవరి కన్నబిడ్డో. ఊరుగాని ఊళ్ళో ఎక్కడికి పోతాడు?"

నేను జవాబివ్వలేదు. అమ్మలకి టైము సంగతి ఏం తెలుస్తుంది?

చివరిది ఇయా. సూర్యాస్తమయానికి లోకమంతా ఎగబడి వచ్చే ఊరు. ఊరి బయట బస్సులన్నీ ఆపుతారు, అక్కణ్ణించి నడక. "రాత్రి ఏడు నలభై అయిదుకి బస్సు కదుల్తుంది" అని గైడమ్మాయి మరీ మరీ చెప్పింది. అమ్మని రమ్మంటే, "రోజూ చూసే సూర్యుడే కదరా, మీరెళ్ళిరండి" అని ముసుగేసింది. మేం వెళ్ళాం. సన్నటి సందుల్లో తీర్థంలో జనంలా ఒరుసుకుంటూ నడిచాం. పాడుబడ్డ కోట గోడల మీద గోరంత చోటు దొరికింది. ఏడు దాటాక సూర్యుడు నీళ్ళలో దిగాడు. జనం చప్పట్లు కొట్టారు! వేషం కట్టి దిగిపోయిన నటుడికి కొట్టినట్టు. వన్స్‌మోర్ అనలేదు, అంతే.

ఏడు ముప్ఫై అయిదుకల్లా మేం బస్సులో ఉన్నాం. లోపల గుడ్డి నీలం దీపం. వెనక సీట్లో శాలువా ముడుపు. "అమ్మ నిద్రపోతోంది, లేపకు" అన్నాను మా ఆవిడతో. గైడమ్మాయి ముందు నుంచి తలలు లెక్కపెడుతూ మా దగ్గరికొచ్చి వెనక్కి తొంగి చూసింది. "మా అమ్మ. నిద్రపోతోంది" అన్నాను. తల ఊపి, ఆవిణ్ణి లెక్కలో వేసుకుంది.

"ఒకరు తక్కువ" అంది చివరికి.

ఎవరో చెప్పాలా? బస్సంతా ఒకేసారి నిట్టూర్చింది. ఏడు నలభై అయిదు అయింది. యాభై అయింది. యాభై అయిదు. ఎవరికో రాత్రి పడవ ఉందట, వాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. గైడమ్మాయి కిందికి దిగి అటూ ఇటూ చూసి వచ్చి, "ఇంకో అయిదు నిమిషాలు చూద్దామా?" అంది బతిమాలుతున్నట్టు.

నేను లేచాను. "పొద్దున నియమం పెట్టింది మీరు. ఒక్కడి కోసం 45 మందిని ఎన్నిసార్లు ఆపుతారు? మాటంటే మాటే. పదండి."

ఈసారి చప్పట్లు బాగానే పడ్డాయి. బస్సు కదిలింది.

ఒక పక్క కొండ అంచు, కింద చీకట్లో సముద్రం, ఎక్కడో ఓడ దీపాలు. నాకు లోపల చల్లగా ఉంది. న్యాయం జరిగితే ఉండే చల్లదనం. ఇమెరొవీగ్లి ఊరి దీపాలు కనపడుతుండగా, వెనకాల చిట్టచివరి వరస నుంచి పెద్ద ఆవులింత వినపడింది. అయిదు సీట్ల మీద అడ్డంగా పడుకున్న ఆకారం ఒకటి లేచి కూర్చుంది. మొహం మీద కప్పుకున్న జాకెట్ తీసి, "ఫిరా వచ్చేసిందా?" అని అడిగింది.

కెమెరా కుర్రాడు.

బస్సు ఒక్కసారి గొల్లుమంది. అతను బిత్తరపోయి చూశాడు. ఈసారి ఆలస్యం కాకూడదని సూర్యాస్తమయానికి ఉండకుండా ఆరున్నరకే వచ్చేసి పడుకున్నాడట. గైడమ్మాయి నుదురు తుడుచుకుని, "46! అందరూ ఉన్నారు!" అంది మైకులో. మళ్ళీ చప్పట్లు. నాకూ నవ్వొచ్చింది. ఈ తమాషా అమ్మకి చెప్పాలి కదా. వెనక్కి తిరిగి, "అమ్మా, విన్నావా? నీ కొడుకు ఇక్కడే..." అంటూ శాలువా మీద చెయ్యి వేశాను.

కింద చేతిసంచీ ఉంది. ఎవరూ ఎత్తుకుపోకుండా అమ్మ దాని మీద శాలువా కప్పి వెళ్ళింది.

బస్సు వెనక్కి తిప్పుకోవడానికి చోటు దొరకాలి, ఆ సన్నటి రోడ్డు మీద మలుపులన్నీ మళ్ళీ తిరగాలి. ఎవరూ ఒక్క మాట అనలేదు. పడవ ఉన్నవాళ్ళు కూడా అనలేదు. 45ని ఎన్ని నిమిషాలతో గుణించాలో నేను లెక్క వేయలేదు.

ఇయా బస్సుల స్థలం దాదాపు ఖాళీ అయిపోయింది. దీపస్తంభం కింద పిట్టగోడ మీద కూర్చుని ఉంది అమ్మ, పక్కన ఊతకర్ర. పక్క దుకాణం ఆవిడెవరో ఇచ్చినట్టుంది, చేతిలో నీళ్ళ సీసా. బస్సు చూసి మెల్లగా లేచి నిలబడింది.

"ఎక్కడికి పోయావమ్మా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"మెలకువొచ్చి చూస్తే చీకటి పడుతోందిరా. జనం ఒక్కొక్కళ్ళే వస్తున్నారు, ఆ కుర్రాడి జాడ లేదు. నువ్వేమో వదిలేసి పోదామంటివి. ఒక్క కేకేద్దామని ఆ సందు మలుపు దాకా పోయాను. పేరు తెలీదాయె, బాబూ, బాబూ అని పిలిచాను. ఎంతమందో బాబులు తిరిగి చూశారు, వాడు లేడు. తిరిగొచ్చేసరికి బస్సు లేదు. డీజిలు పోయించుకోడానికి పోయుంటుందిలే అని కూర్చున్నా."

డ్రైవరు దిగివచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "నే, నే" అంది అమ్మ అతనితో. మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగి, నా వైపు తిరిగింది.

"ఇంతకీ వాడు దొరికాడా? వదిలేసి రాలేదు కదరా వాణ్ణి?"