ఫిల్ము చూసి తీర్పు చెప్పేశాను

డాక్టరు ‘ఆగి చూద్దాం’ అంటే తెలియక అంటున్నారనుకున్నాను. నా తెలివితక్కువతనమంతా అక్కడే మొదలైంది.

మా చిన్నోడికి ఎనిమిదో ఏట, బళ్ళో ఉండగా కుడిచెయ్యి కొట్టుకుని ఫిట్స్ వచ్చింది. చిత్తూరులో తీయించిన స్కాన్ ఫిల్మును ఇంట్లో ట్యూబులైటుకు అడ్డంపెట్టి చూశాను. బఠానీ గింజంత తెల్లటి ఉంగరం, లోపల ఓ చుక్క, చుట్టూ నల్లగా వాపు. బంగారుపాళ్యం మండీలో మామిడికాయ చూడగానే ధర చెప్పేవాణ్ణి. ఆ ధీమాతోనే క్యాన్సరు గడ్డని తేల్చేసి, వాళ్ళమ్మను ఏడిపించాను.

రాయవేలూరులో డాక్టరు ఉంగరాన్ని కొలిచారు. 20 మిల్లీమీటర్లలోపే ఉంది. “బద్దెపురుగు పిల్ల మెదడులో చేరినట్టుంది. ఫిట్స్‌కు మందు వేసి, కొన్ని నెలలాగి మళ్ళీ స్కాన్ తీద్దాం” అన్నారు. మా ఇంట్లో మాంసమే ముట్టమే, పందిమాంసంలో ఉండే ఆ పురుగు ఎలా వస్తుందని ఆయన మీదికి లేచాను. కడుపులో ఆ పురుగున్న మనిషి మలంతో బయటపడిన గుడ్లు నీళ్ళలోనో, కడగని ఆకుకూరలోనో ఉంటే చాలని ఓపిగ్గా చెప్పారు. నా చెవికెక్కలేదు. క్యాన్సరు కాకుంటే టీబీ గడ్డే అయ్యుంటుందని, ఇంకోచోటికి పోయి, పట్టుబట్టి టీబీ మందులు రాయించుకున్నాను.

1980ల్లో మన దేశంలో ఇలాంటి చిన్న ఉంగరాలను చాలావరకు టీబీ గడ్డలనే అనుకునేవారట. నెలల తరబడి టీబీ మందు మింగించేవారు, ఉంగరం మాయమైతే మందు పనిచేసిందనేవారు. రాయవేలూరులోనే సీఎంసీ ఆసుపత్రి డాక్టర్లు మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ వాటిని బయటికి తీసి పరీక్షిస్తే, చాలావాటిలో కనబడింది బద్దెపురుగు పిల్లే. అది చచ్చి, దానంతటదే కరిగిపోయేది! 1993లో వాళ్ళు రెంటికీ తేడాలు రాశారు: టీబీ గడ్డ సాధారణంగా 20 మిల్లీమీటర్లు దాటుతుంది, మెదడును పక్కకు నెడుతుంది, కాలో చెయ్యో రానురాను పట్టు తప్పుతుంది. అంటే ఫిల్ముతోపాటు బిడ్డనూ చూడాలి. నేను ఫిల్మొక్కటే చూశాను.

నేను రాయించుకున్న టీబీ మందులకు మావాడి కళ్ళు పచ్చబడ్డాయి, అన్నం సయించలేదు. మళ్ళీ ఆ రాయవేలూరు డాక్టరు దగ్గరికే ఎత్తుకుపోయాను. టీబీ మందులు ఆపించారు, నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతి స్కానులో ఉంగరం లేదు, సున్నపు చుక్కలాంటి మచ్చ మిగిలింది. ఆ మచ్చ వల్ల మళ్ళీ ఫిట్స్ రావచ్చన్నారు. మాత్రలు ఇంకా వేస్తున్నాం.