డబుల్ బోన్ సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక: మా మేనల్లుడు వనస్థలిపురంలో లాబ్రడార్‌ను పెంచి, ఈనిన పిల్లల్ని అమ్ముతుంటాడు. ఈ విడత ఎనిమిది. ముప్పై రెండో రోజున ఒక ప్రకటన రాసి, "మామయ్యా, తప్పులుంటే దిద్దు" అని ఫోన్‌కి పంపాడు. నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. దిద్దడం నా వల్ల కాలేదు. అందుకని వ్యాఖ్యానిస్తున్నాను.

మూలం: ప్యూర్ లాబ్రడార్ పిల్లలు. డబుల్ బోన్. ఛాంపియన్ లైన్. కేసీఐ పేపర్లు ఉన్నాయి. జెన్యూన్ బయ్యర్లు మాత్రమే. టైంపాస్ కాల్స్ వద్దు.

టీక: 'పిల్లలు' స్పష్టము. 'లాబ్రడార్' అన్నది ఇంటిపేరు. ఈ వంశం మూలాలు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఉన్నాయి. లాబ్రడార్ పొరుగు సీమ. ఇంటిపేరు ఒక ఊరు, పుట్టుక ఒక ఊరు కావడం మనకు కొత్త కాదు.

'డబుల్ బోన్': ఇది ద్విగువా, బహువ్రీహియా? ద్విగువైతే రెండు ఎముకలే తేలతాయి, కుక్క మిగలదు. బహువ్రీహి అయితే రెండు ఎముకలు గలది అని అర్థం. కుక్క ఒంట్లో సుమారు 320 ఎముకలుంటాయి. తక్కిన 318 ఏమైనట్టు? కాళ్లు లావని కవి హృదయం. ఈ జాతికి తుంటికీలు జబ్బు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఎముక లావెంతని అడిగినవాళ్లే గాని, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే ఏదని అడిగిన పుణ్యాత్ముడు ఇంతవరకు ఫోన్ చేయలేదు.

'ప్యూర్': ఇక్కడ కాస్త ఆగాలి. పాణిని ఒక సూత్రంలో కుల, కుక్షి, గ్రీవా అనే మూడు మాటల మీద ఒకే ప్రత్యయం విధించాడు. కుక్షి నుంచి కౌక్షేయకం, అంటే కత్తి. గ్రీవ నుంచి గ్రైవేయకం, మెడలో నగ. మరి కులం నుంచి? కౌలేయకం. అంటే కుక్క! కులంలో పుట్టిన మనిషిని ఈ మాట అంటే కర్రలు లేస్తాయి. ప్రత్యయం కుక్కకే రిజర్వు. ఆ మహానుభావుడికి కుక్కంటే చులకన లేదు సుమా. మరో సూత్రంలో శునకాన్ని, యువకుణ్ణి, దేవేంద్రుణ్ణి ఒకే తాడున కట్టాడు. ఇంద్రుడికైనా అక్కడ ప్రత్యేక దర్శనం లేదు.

అమరకోశం కుక్కకు ఏడు పేర్లు చెబుతూ మొదట కౌలేయకమే అన్నది. ఆ వెంటనే సారమేయం. సరమ కొడుకు సారమేయుడు. గంగ కొడుకు గాంగేయుడు, కుంతి కొడుకు కౌంతేయుడు, వినత కొడుకు వైనతేయుడు అయినట్టే. భీష్ముడు, అర్జునుడు, గరుత్మంతుడు కూర్చున్న పంక్తిలో కుక్కపిల్లకూ విస్తరి పడింది, తల్లి పేరు మీద. నన్నయగారు భారత కథలోకి దిగుతూనే ఆ తల్లిని పిలుచుకొచ్చారు. జనమేజయుడి యాగశాలలోకి పిల్ల వచ్చింది. రాజు తమ్ముళ్లు కొట్టారు. ఏడుస్తూ వెళ్లి అమ్మతో చెప్పుకుంది. దేవతల కుక్క సరమ తిన్నగా రాజు ముందుకొచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను నీ తమ్ముళ్లు ఎందుకు కొట్టారని నిలదీసింది. అనుకోని భయం వచ్చిపడుతుందని హెచ్చరించి పోయింది. లక్ష శ్లోకాల కథకు గుమ్మంలో నిలబడింది ఒక కుక్కతల్లి!

ఎక్కడున్నాం? ప్రకటనలో ఉన్నాం. దానిలో మొదటి పేరు ఉంది, రెండో పేరు లేదు. కౌలేయకం సరే, సారమేయం ఏదిరా?

'కేసీఐ పేపర్లు': చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా నమోదు పత్రము. ఇది వంశావళి చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు. జాతకంలో గోత్రం ఉన్నంత మాత్రాన వరుడికి షుగర్ లేదని కాదు.

'జెన్యూన్ బయ్యరు': అధికారి. వేదాంతంలో ప్రశ్నించేవాడు అధికారి. ఇక్కడ ప్రశ్నించకుండా అడ్వాన్సు కొట్టేవాడు. పిల్లకి ఎన్నో రోజు, ఏం పెడుతున్నారు, తల్లిని చూడొచ్చా అని అడిగితే 'టైంపాస్'. ఫైనల్ ఎంత అని అడిగితే జెన్యూన్.

శంక: ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి గదా?

సమాధానము: "అయిదో వారం దాటితే మేత నా నెత్తిన పడుతుంది మామయ్యా. రెండో నెలకి ముద్దు తగ్గి మూతి సాగుతుంది, కొనేవాడు రాడు."

శంక: టీకా?

సమాధానము: "కొన్నవాళ్లు వేయించుకుంటారు." కనుక ఈ పిల్లలకు ప్రస్తుతానికి నా టీకాయే గతి. పార్వో వైరస్‌కు సంస్కృతం రాదు.

తాత్పర్యము: ఆదివారం స్వయంగా వెళ్లాను. హాల్లో ఒక కుటుంబం సోఫా మీద కూర్చుని ఉంది. మావాడు ఫోన్‌లో తండ్రి కుక్క కప్పులు, రిబ్బన్లు చూపిస్తున్నాడు. తండ్రిది వేరే ఊరు. అది ఈ పిల్లల మొహం చూసింది లేదు. "తల్లి?" అన్నాడు వాళ్ల అబ్బాయి. "ఊళ్లో ఉంది బాబూ" అన్నాడు మావాడు.

తర్వాత వంటింట్లో నాకు మెల్లగా చెప్పాడు. ఎనిమిదింటికి పాలిచ్చి బొచ్చంతా రాలిపోయింది, డొక్కలు కనబడుతున్నాయి, పిల్లల గోళ్లకు పొదుగు గీసుకుపోయింది. "దాన్ని చూస్తే బేరం దిగిపోతుంది మామయ్యా."

బాత్రూమ్ తలుపు లోపల్నుంచి ఎవరో గీకుతున్నారు. ఆ వచ్చినవాళ్లు వినకూడదని మావాడు టీవీ సౌండు పెంచాడు.